మేస్త్రీకి విడిచిన జాగా

మా మేనకోడలి కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఏం పని అని అడిగితే, కంప్యూటర్ లోపల కెర్నల్ అని ఒకటి ఉంటుందనీ, ఏ పనికి ఎంత మెమరీ ఇవ్వాలో అదే చూస్తుందనీ, దానికి కొన్ని అమరికలుంటాయనీ చెప్పింది. ఆ అమరికలు ఎందుకున్నాయో, దేన్ని ఎంతలో పెట్టాలో రాసి ఉంచడం, అవి మారినప్పుడల్లా ఆ రాతను దిద్దడం తన పని అట. అంతా చెప్పి, "నీకు సమజ్ కాదులే అమ్మమ్మా" అంది. నేను చేసిన ఉద్యోగం కూడా అదేనంటే నవ్వింది. కెర్నల్ అనే మాట అప్పుడు మాకు తెలియదు గానీ అది చేసే పని తెలుసు. అరవైల చివర్లో భువనగిరి నుంచి రోజూ రైల్లో పోయి చేసిన ఆ పని గురించి ఆ సాయంత్రం ఆమెకు చెప్పిందే, కొంచెం వరస పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా కార్యాలయం హైదరాబాదులో ఉండేది. జిల్లాల చెరువుల, బావుల, వానల లెక్కలు అక్కడ కంప్యూటర్ మీద కూడేవారు. నల్గొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి చిన్న శాఖలుండేవి. అక్కడివాళ్ళు ఆ లెక్కలను అట్ట కార్డుల మీద బెజ్జాలుగా కొట్టి, చెక్కపెట్టెల్లో సర్ది, బస్సు మీద వేసి పంపేవారు. కంప్యూటర్ ఒక హాలంతా ఉండేది. దుమ్ము పోకూడదని గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. లోపల ఎండాకాలంలో కూడా చలి. మండే ఎండల్లో చేతిలో స్వెట్టర్ పట్టుకుని రైలెక్కే నన్ను చూసి, జ్వరమా అని అడిగేవాళ్ళు.

ఆ యంత్రానికి ఒకేసారి రెండు మూడు పనులు అప్పజెప్పవచ్చు. వాటి మధ్య తగవు రాకుండా చూసే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడూ లోపలే ఉండేది. యంత్రంతోపాటు వచ్చిన విదేశీ పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది. మావాళ్ళు మేస్త్రీ అనేవారు. కూలీలందరికీ పని పంచి, తాను మాత్రం రాయి ఎత్తని వాడు మేస్త్రీ కాక మరెవరు అని వాళ్ళ పరిహాసం. యంత్రం మెమరీని పదహారు అరల అలమరా అనుకుంటే, మేస్త్రీకి మూడు అరలు, ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచేది ఒక అర, మిగిలిన పన్నెండు పనులకు. మేస్త్రీకి ఎన్ని, ఖాళీగా ఎన్ని అన్నవే అమరికలు. పొద్దున యంత్రం మొదలుపెట్టేటప్పుడు వాటిని ఒక కార్డు మీద వేసి లోపలికి పంపేవారు. జిల్లాల నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ మొదటి కార్డు మీద తమ పనికి ఎన్ని అరలు కావాలో రాయాలి. ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే మేస్త్రీ ఆ పనిని ముట్టుకోదు. 'జాగా చాలదు' అని చీటీ కొట్టి పక్కన పెడుతుంది.

ఈ అమరికలను చూసేదీ, వాటి వివరం రాసి జిల్లాలకు పంపేదీ మా ఆయన. ఆయనది పాలమూరు దిక్కు. మహబూబ్‌నగర్‌ను మేమందరం పాలమూరు అనే అంటాం. ఉర్దూలో చదువుకున్నారు. పైకి ఎంత తెలుగు మాట్లాడినా కూడికలు మాత్రం లోపల ఉర్దూలోనే చేసేవారు. పెదవులు కదలడం చూస్తే తెలిసేది. నాది భువనగిరి, అప్పుడది నల్గొండ జిల్లాలోనే ఉండేది. మెట్రిక్ దాకా చదివి, టైపు నేర్చుకుని, ఊరి గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివినదాన్ని. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయన రాసిన పుటను నాకు చదివి వినిపించేవారు. అప్పటికి యంత్రం నేను చూడలేదు. అందుకే వినిపించేవారు. నాకు అర్థం కాని వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేసి, మళ్ళీ రాసేవారు. ఒక్కోసారి నాకు అర్థమైనా, వాక్యం బాగా లేదని అర్థం కాలేదని చెప్పేదాన్ని. అది ఆయనకు తెలుసు. అయినా కొట్టేసేవారు.

ఒక వానాకాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో చేర్పించాం. తిరిగి ఇంటికి రాలేదు.

ఆయన ఉద్యోగం నాకిచ్చారు. అలా ఇవ్వడం అప్పటికే వాడుకలో ఉంది. కానీ ఏడాదికే ఇచ్చారు. ఏడాది తర్వాత పుస్తకం పని సరిగా నడుస్తున్నదని మా పెద్ద సారు రాసి పైకి పంపితేనే ఉంటుంది. భువనగిరిలో కిరాయి ఇంట్లో నేనూ మా అత్తమ్మా ఉండేవాళ్ళం. కొడుకు పోయాక ఆమె ఊరికి పోతాననలేదు, నేను పొమ్మనలేదు. ఉద్యోగం పోతే నేను మా అన్న ఇంటికి పోవాలి, ఆమె చిన్నకొడుకు దగ్గరికి పోవాలి. ఆ చిన్నకొడుకు ఇంట్లో ఆమె మంచం ఎక్కడ వేస్తారో మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు.

పని ఇలా ఉండేది. పుస్తకం అంటే కుట్టినది కాదు, ఇనప కడ్డీలకు గుచ్చిన విడి పుటలు. ఏదైనా అమరిక మారితే, ఆ ఒక్క పుటను కొత్తగా స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ తీసి, అన్ని చోట్లకూ పంపాలి. దానికి ఒక చీటీ జతచేయాలి: 'పాత పుట తీసి చింపివేసి, దీనిని ఆ స్థానంలో ఉంచగలరు.' ఆయన బతికున్నప్పుడు ఆ చీటీలు ఇంట్లో నేనే టైపు చేసేదాన్ని. అప్పుడు దాన్ని ఒక వాక్యంగా కూడా చూసినట్టు గుర్తులేదు.

నేను చేరిన కొన్నాళ్ళకు యంత్రానికి లెక్కలు దాచుకునే కొత్త టేపు పెట్టెలు వచ్చాయి. వాటిని కూడా మేస్త్రీయే చూసుకోవాలి కనుక మేస్త్రీ ప్రోగ్రాం పెద్దదైంది. మూడు అరలు చాలవు, నాలుగు కావాలి. ఖాళీగా ఉంచేది కూడా ఒకటి చాలక రెండు చేశారు. పనులకు పది మిగిలాయి. నేను దిద్దిన మొదటి పుట అది. పెద్ద సారు కోస్తా ప్రాంతం నుంచి వచ్చినవారు. మర్యాదస్తులు, నియమం తప్పనివారు. ఆయన ఒక నమూనా ఇచ్చారు. పేరు, అంకె, తేదీ. అంతే.

"కథలు వద్దమ్మా. కాగితం ఖర్చు. అంకె ఎంతో చెబితే వాళ్ళే వేసుకుంటారు" అన్నారు.

నమూనా ప్రకారం ఇంగ్లీషులో టైపు చేశాను. మా ఆయన రాసిన పుట అర పేజీ ఉండేది, నాది మూడు వరసలైంది. కింద ఆ చీటీ కూడా టైపు చేశాను, పాత పుట తీసి చింపివేయగలరు అని. భువనగిరి స్టేషన్‌లో దిగి ఇంటికి నడుస్తుంటే ఆ వాక్యం ఎక్కడెక్కడికి పోతుందో, అక్కడ చింపేది ఆయన రాసిన పుటనేనని తలపుకొచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

నల్గొండ పెట్టెలు ఎప్పటిలాగే వచ్చాయి, పోయాయి. పాలమూరు పెట్టెలు మాత్రం వరసగా తిరిగిపోయాయి. ప్రతిసారీ మొదటి కార్డు మీద పన్నెండు. ప్రతిసారీ జాగా చాలదు. చివరికి అక్కడి నుంచి ఫిర్యాదు వచ్చింది, మీ పుస్తకంలో ఒక పుటకూ ఇంకో పుటకూ పొంతన లేదని.

పెద్ద సారు పిలిచారు. కూర్చోమన్నారు. కూర్చోమంటే విషయం పెద్దదని అర్థం.

"చూడమ్మా, మీ కేసు వచ్చే నెల పైకి పంపాలి. ఈ ఫిర్యాదు దాని పక్కనే కూర్చుంటుంది. మీరు పాలమూరు వెళ్ళి రండి. పాత పుట ఎవరు తీయలేదో వాళ్ళచేత రాయించుకోండి, ఆ పుట కూడా పట్టుకురండి. లేదంటే మీ పుటలోనే తప్పుందని మీరే రాసివ్వండి. రెండిట్లో ఒకటి నా ఫైల్లో ఉండాలి."

"నేను రాసిస్తే సార్?"

ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "రాసిస్తే, పంపడానికి నా దగ్గర ఏముంటుందమ్మా?"

మహబూబ్‌నగర్ బస్సు నిండి ఉంది. కిటికీల్లోంచి లోపలికి తువ్వాళ్ళు వేసి, సీట్లు ఆపి, తర్వాత తలుపు దగ్గర తోసుకుంటున్నారు. నేను ముందే ఎక్కాను. నా ముందు సీటులో ఎర్రంచు తువ్వాల ఒకటి హాయిగా పడుకుని ఉంది. దాని పక్కనే ఒక పెద్ద మనిషి, ఎదుట తట్ట పట్టుకుని నిలబడ్డ ఒక ఆమె.

"ఎవరిది గీ తువ్వాల?" అంది ఆమె.

"మా బావది. వస్తున్నడు."

"ఏడున్నడు మీ బావ?"

"చాయ్ తాగుతున్నడు."

"తువ్వాలకు కాళ్ళు నొస్తయా? నాకు నొస్తున్నయి. తియ్యి."

కండక్టర్ వచ్చాడు. "చాయ్ తాగేటోడు చాయ్ హోటల్ల కూసుంటడు. కూసో పెద్దమ్మా" అని తువ్వాల తీసి ఆ మనిషి భుజం మీదే వేశాడు. బస్సంతా నవ్వింది. అంతలో ఒకాయన జాగా దొరక్క, తలుపు దగ్గర కండక్టర్ కూర్చునే సీటు మీదే తువ్వాల పరిచాడు.

"అన్నా, గది నాది."

"ఖాళీగ ఉన్నది గద?"

"నేను నిలవడ్డ కాబట్టి ఖాళీగ ఉన్నది. బస్సుల నాకు గింత జాగ లేకుంటే మీకు టికెట్లు ఎవడు కొడ్తడు? డ్రైవర్ సీటు గూడ ఖాళీ అయితదేమో చూడు, దాని మీద గూడ ఎయ్యి."

మళ్ళీ నవ్వులు. బస్సు కదిలింది. షాద్‌నగర్ దాటే దాకా ఆ మాటనే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఉంటే ఆ రాత్రికే ఏదో ఒక పుటలో పెట్టేవారు.

పాలమూరు శాఖ ఒక పాత పెంకుటింటి రెండు గదుల్లో ఉండేది. ముందు గదిలో పెద్ద గుమాస్తా కూర్చుంటారు. ముసలాయన, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన షేర్వానీ, తల మీద టోపీ. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు అంకెల వరకే. అందరూ చాచా అంటారు. వెనక గదిలో కార్డులు కొట్టే యంత్రాల దగ్గర ముగ్గురు. వాళ్ళలో పెద్దామె మా ఆయనను అన్న అని పిలిచేది. అందుకని నేను వదినెను.

"కూసో బేటీ" అన్నారు చాచా. చాయ్ తెప్పించారు. మా ఆయన గురించి ఏమీ అడగలేదు. నేను కూర్చున్న కుర్చీని ముందే తుడిచి ఉంచారని మాత్రం గమనించాను.

ఆయన బల్ల మీద అద్దం పరిచి ఉంది. అద్దం కింద అమరికల పాత పుట ఉంది.

సైక్లోస్టైల్ కాదు. మా ఆయన చేతిరాత. ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు, ఇంగ్లీషు పుట వీళ్ళకు కష్టమని, ఇక్కడే కూర్చుని తెలుగులో రాసిచ్చారట. నాకు వినిపించని పుట అదొక్కటే. అక్కడ కూర్చుని మొదటిసారి చదివాను.

'మేస్త్రీకి మూడు అరలు. ఇవి అడగవద్దు. ఒక అర ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని దాన్ని అడగవద్దు. ఒక పనిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే మధ్యలో పెట్టుకునే చోటు కావాలి. ఆ చోటు లేకపోతే మేస్త్రీ కదలలేదు, ఎవరి పనీ కదలదు. మిగిలినవి పన్నెండు. మీ పనికి ఎన్ని కావాలో అన్నే రాయండి.'

ఒక వాక్యం కొట్టేసి ఉంది. కింద ఏముందో కనబడకుండా గట్టిగా కొట్టేశారు. నేను లేకుండా కూడా కొట్టేశారని అనుకున్నాను.

"నేను పంపిన పుట ఏది చాచా?"

ఆయన లేచి, బీరువాలోంచి పుస్తకం తీశారు. నా పుట కడ్డీకి గుచ్చే ఉంది. జాగ్రత్తగా, ఉండాల్సిన చోటే ఉంది. పుస్తకంలోని పాత పుట తీసి చింపారు కూడా. ఈ చేతిరాతను మాత్రం ముట్టుకోలేదు. దాన్ని చూసే పని చేస్తున్నారు.

వెనక గదిలోంచి పెద్దామె వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"వదినె, అన్నేమో పన్నెండు అన్నడు. నువ్వొచ్చి పది అంటున్నవు. రెండు ఏడ పోయినయి? నల్గొండకా?"

"ఏయ్, ఊకో" అన్నారు చాచా.

"ఎందుకు ఊకోవాలె? వాళ్ళ డబ్బాలన్ని పోతున్నయి, మనయి వాపస్ వస్తున్నయి. వదినెది భోనగిరి. అత్తగారి జిల్లాకు కోత పెట్టి తల్లిగారి జిల్లాకు పెట్టింది. అయ్యో, తప్పని అంటలేను, నేనైనా గట్లనే పెడ్త."

వెనక గదిలో ఇద్దరు నవ్వుతున్నారు. నాకు కోపం రాలేదు. ఆ నెలల్లో నాతో ఎవరూ అంత మామూలుగా మాట్లాడలేదు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

"నల్గొండకు గూడ పదే" అన్నాను.

"మరి వాళ్ళయి ఎట్ల పోతున్నయి?"

"వాళ్ళు ఎనిమిదే అడుగుతరు."

"ఎనిమిదేనా? ఎందుకు?"

"వాళ్ళ పనికి ఎనిమిది చాలు కాబట్టి. నీ పనికి ఎన్ని కావాలె?"

ఆమె వెనక్కి చూసింది. లోపలి నుంచి ఒకామె "తొమ్మిదైతే సరిపోతయి" అని చెప్పింది.

"మరి పన్నెండు ఎందుకు రాస్తున్నవు?"

"పన్నెండు రాస్తే తొమ్మిదన్న ఇస్తరని. పది రాస్తే ఏడిస్తరు. గా మాత్రం ఎరుకలేదా వదినె?"

అది ఒక్క ఆమె తెలివి కాదు. కరువు జిల్లా. ఏది అడిగినా కోసి ఇచ్చే అలవాటు పైవాళ్ళకు, కోస్తారని కలిపి అడిగే అలవాటు కిందివాళ్ళకు. మేస్త్రీకి ఆ అలవాటు లేదని, అడిగింది ఉంటే అడిగినంత ఇస్తుందని, లేకపోతే అసలు ఇవ్వదని మా పుస్తకంలో ఎక్కడా లేదు. రాయవలసిన మాట అని ఎవరికీ తోచలేదు, మా ఆయనకు కూడా.

నేను పొద్దున బస్సులో జరిగింది చెప్పాను. రాని బావకు తువ్వాల వేసిన మనిషిని, కండక్టర్ సీటు మీద తువ్వాల వేసిన మనిషిని చెప్పాను. "అన్న రాసినప్పుడు డ్రైవర్ ఒక్కడే. ఇప్పుడు కొత్త టేపులు వచ్చినయి. కండక్టర్ గూడ ఎక్కిండు. గా రెండు సీట్లు నల్గొండకు పోలే, వానికొకటి, వాడు మెసలేటి జాగకొకటి పోయినయి. నువ్వు డ్రైవర్ ఒడిల తువ్వాల ఏసి, బస్సు పోతలేదు అంటున్నవు."

"మరి గా ముక్క కాయిదంల రాయొచ్చు గద!" అంది ఆమె. "నీ కాయిదంల పది అని ఉన్నది. ఎందుకు పది అని లేదు. అన్న కాయిదంల ఎందుకో ఉన్నది. ఎవలదాన్ని నమ్మాలె?"

చాచా ఆమెను లోపలికి పొమ్మన్నారు. తలుపు దగ్గరికి వేసి, కుర్చీలో కూర్చుని, టోపీ సర్దుకున్నారు.

"బేటీ, సాబ్ చేతిరాత తీసి పారేసుడు నా చేతగాలే. నువ్వు ఎప్పుడన్న వస్తవు, చూస్తవు అని ఉంచిన. ఇది నా గల్తీ. నీ నౌకరీ మీదికి వచ్చిందని తెల్సింది. కాయిదం ఇయ్యి, పాత పుట నేనే తియ్యలేదని రాసిస్త. నాకేంది, ఇంక కొన్నేండ్లయితే దిగిపోతనే ఉన్న."

ఉద్యోగం నుంచి దిగిపోయే ముందు అలాంటి కాగితం ఫైల్లో పడితే ఏమవుతుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. కలం తీసి, మూత విప్పి కూర్చున్నారు. తలుపు వెనక నుంచి "రాయకు చాచా" అన్న మాట వినబడింది.

ఆయన రాసిస్తే నా ఉద్యోగం నిలబడుతుంది. ఇంట్లో అత్తమ్మ మంచం ఉన్నచోటే ఉంటుంది. నేను ఆ కలం వైపు చూశాను. అప్పుడు ఏమనుకున్నానో ఇప్పుడు రాస్తే కల్పించి రాసినట్టే అవుతుంది. నాకు గుర్తున్నది ఇది: ఆయన నా కోసం రాయబోయేది నిజం కాదని తెలుస్తూనే ఉంది. ఆయన పుస్తకంలోని పాత పుట తీశారు, చింపారు, కొత్తది పెట్టారు. చీటీలో చెప్పిందంతా చేశారు. ఎందుకు మారిందో చీటీలో లేదు.

"అద్దం లేపండి చాచా" అన్నాను.

ఇద్దరం చెరోవైపు పట్టి లేపాం. పుట అద్దానికి కొంచెం అంటుకుని ఉంది, నెమ్మదిగా విడదీశాం. ఆయన కలమే తీసుకున్నాను. మూడు కొట్టేసి నాలుగు వేశాను. ఒకటి కొట్టేసి రెండు వేశాను. పన్నెండు కొట్టేసి పది వేశాను. మా ఆయన రాత మీద నేను కలం పెట్టడం అదే మొదలు. ఇంట్లో నేను అర్థం కాలేదంటే ఆయనే కొట్టేసేవారు, కలం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. అంకెలు కొంచెం పెద్దవిగా పడ్డాయి.

కింద ఖాళీలో రాశాను. 'కొత్త టేపులు వచ్చినందున మేస్త్రీకి ఒక అర ఎక్కువ, ఖాళీగా ఒక అర ఎక్కువ. ఇది అన్ని జిల్లాలకూ ఒకటే. మేస్త్రీ అడిగిన దాంట్లో కోత పెట్టదు. ఉంటే అడిగినంత ఇస్తుంది, లేకపోతే ఏమీ ఇవ్వదు. కలిపి అడగవద్దు.' తేదీ వేసి, సంతకం పెట్టాను. మళ్ళీ అద్దం కింద పెట్టాం.

పెద్దామె వచ్చి నిలబడి పైకే చదివింది. చదివి, "కలిపి అడగొద్దంట" అని లోపలివాళ్ళకు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్న రాత కన్న నీ రాత మంచిగున్నది వదినె. నోరు గూడ గంత మంచిగుంటే బాగుండు" అంది.

మర్నాడు పెద్ద సారు ముందు నిలబడ్డాను. ఈసారి కూర్చోమనలేదు.

"రాయించుకొచ్చారా?"

"లేదు సార్."

"పాత పుట తెచ్చారా?"

"అది పాత పుట కాదు సార్ ఇప్పుడు. దిద్దాను. నా సంతకం ఉంది."

"మరి తప్పు ఎవరిదమ్మా?"

"వాళ్ళు పుట మార్చారు సార్. నా పుటలో అంకె సరిగానే ఉంది. ఎందుకు మారిందో లేదు. లేనందుకు వాళ్ళు తమకు తోచిన కారణం వేసుకున్నారు."

"ఏ కారణం?"

చెప్పాను. అత్తగారి జిల్లా, తల్లిగారి జిల్లా. ఆయన నవ్వకూడదని చూశారు గానీ కుదరలేదు. వెంటనే ముఖం సర్దుకుని, "నమూనా నేనిచ్చిందే" అన్నారు. పాలమూరులో రాసినదాన్ని ఇంగ్లీషులో టైపు చేసి తెచ్చాను, అది ఆయన ముందు పెట్టాను. చదివారు. ఫైల్లో పెట్టారో లేదో అప్పుడు చెప్పలేదు.

తర్వాత వచ్చిన పాలమూరు పెట్టెలో మొదటి కార్డు మీద తొమ్మిది ఉంది. మేస్త్రీ తీసుకుంది. ఆ కాగితాలు ప్రింటర్‌లోంచి వస్తుంటే ఆపరేటర్ నన్ను పిలిచి చూపించాడు. వానల లెక్కలు. తక్కువే ఉన్నాయి ఆ ఏడాది.

ఉద్యోగం ఖాయం చేయలేదు. ఇంకో ఏడాది పొడిగించారు. అత్తమ్మకు చెబితే, "ఇంకో ఏడాది అంటే చిన్నదా?" అంది. ఆ పై ఏడాది కూడా పొడిగించారు. పుటల నమూనాలో మాత్రం నాలుగో గడి ఒకటి చేరింది: ఎందుకు. అందులో రెండు వాక్యాలకు మించకూడదని పెద్ద సారు నియమం. ఒక్కోసారి మూడు రాసేదాన్ని. ఆయన ఒకటి కొట్టేసేవారు. చాలాసార్లు సరైనదే కొట్టేసేవారు.

అమరికలు ఆ తర్వాత చాలాసార్లు మారాయి. యంత్రానికి ఏది చేర్చినా మేస్త్రీ పెరిగేది, ఏదైనా తీసేస్తే తగ్గేది. జిల్లాలకు పుటలు బస్సు మీద పోయేవి. పాలమూరు అద్దం కింది పుటను మాత్రం నేనే పోయి దిద్దేదాన్ని. అది నియమంలో లేదు, ఎవరూ అడగలేదు. పోయినప్పుడల్లా అంకెల మీద అంకెలు, పక్కన తేదీలు. కింద ఖాళీ అయిపోయాక పక్క అంచుల్లో, అవీ అయిపోయాక వాక్యాల మధ్య రాశాను. మేస్త్రీ పనులు మార్చే పద్ధతి మారినప్పుడు, ఖాళీ అర ఎందుకో చెప్పే ఆయన వాక్యం కూడా సరిపోకుండా పోయింది. అది కొట్టేసిన రోజు మాత్రం చాచాతో కలిసి చాయ్ తాగకుండా వచ్చేశాను.

చాచా ఉద్యోగం నుంచి దిగిపోయే ముందు కబురు చేశారు. పోతే, బల్ల ఖాళీ చేస్తున్నారు.

"ఇగ కనవడ్తలేదు బేటీ" అన్నారు, అద్దం మీద వేలు పెట్టి. "నాకు కండ్లు కనవడ్తలేవనుకున్న. కాదు. పోరిలు గూడ చదువలేకపోతున్నరు. కొత్తది రాసియ్యి."

అదే బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం మీద రాసిచ్చాను. అప్పటి అంకెలు, అప్పటి కారణాలు. 'మీ పనికి ఎన్ని కావాలో అన్నే రాయండి' అన్న ఆయన చివరి వాక్యం అప్పటికీ సరిగ్గానే ఉంది. దాన్ని అలాగే రాశాను. పెద్దామె చదివి, అర్థమైందని చెప్పి, అద్దం కింద పెట్టింది. పాతదాన్ని చాచా రెండు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. చింపివేయగలరు అనే చీటీ ఇద్దరికీ గుర్తున్నట్టే ఉంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. అత్తమ్మ గడప మీద కూర్చుని చింతకాయ ఒలుస్తున్నది. ఆమెకు చదువు రాదు. కాగితం చూపించి, ఇది ఆయన రాసినది అని చెప్పాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. వెలుతురుకు తిప్పి పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిన్ని గీతలేంది బిడ్డా?"

"నేను దిద్దిన. లెక్కలు మారినయి అత్తమ్మా."

"మరి మావోనిదేది, నీదేది?"

నేను చెప్పేలోపే ఆమె కాగితం మధ్యలో ఒకచోట వేలు పెట్టి, "గిది మావోనిది" అంది. ఆ వేలు అక్కడే ఉంచి, అక్షరాల మీద మెల్లగా రుద్దింది.

అవి నా అక్షరాలు. అన్నేళ్ళూ ఎక్కడ తప్పు కనబడినా దిద్దడమే నా ఉద్యోగం. నేను ఆమె పక్కన కూర్చుని, చింతకాయ తట్ట నా వైపు లాక్కున్నాను.